గుడ్డు బండి బేరం

మే 11, శనివారం

హార్లన్ మీద కోపం ఇంకా తగ్గలేదు. అతనన్న మాటలో తప్పు దొరకలేదు, అందుకు.

అతను నా మొగుడు, స్కూలు బస్సుల డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మెకానిక్. ఈ వేసవికి రిటైరవ్వచ్చు. మేనేజరేమో ఇంకో మూడేళ్ళు ఉండమని కాగితం చేతిలో పెట్టాడు. జూన్ పదిలోగా సంతకం పెట్టాలి, లేదా పెట్టనని చెప్పాలి. పొద్దున కాఫీ పోస్తూ, బయట మబ్బు పట్టిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు: అప్పటికి వాకిట్లో కారుకి తగిలించుకు తిరిగే ట్రైలర్ ఇల్లు ఉంటే సంతకం పెట్టను ఫిల్, ఊళ్ళు తిరుగుదాం. లేకపోతే పెడతాను. ఏది కొనాలో నువ్వే తేల్చు.

నేనే ఎందుకు తేల్చాలి అన్నాను. నేను తెచ్చినదానికి నువ్వు వంక పెడతావు కాబట్టి, అన్నాడు.

వంక పెట్టడం నా వృత్తి. ఇక్కడ డలూత్ ఊళ్ళో కార్మికుల వారపత్రికకి పద్దెనిమిదేళ్ళుగా కాలమ్ రాస్తున్నాను. ఆస్పత్రి యాజమాన్యాలకి పెట్టాను, గని కంపెనీలకి పెట్టాను, నేను ఓటేసిన మేయర్లకీ పెట్టాను. ఆరేళ్ళ కింద ఈ ట్రైలర్లకి కూడా పెట్టాను. 'పెట్రోలు తాగే ఇళ్ళు' అని శీర్షిక. అందులో ఒక్క వాక్యం కూడా ఇప్పటికీ తప్పు కాదు.

కానీ ఇరవై రెండేళ్ళ కాపురంలో మేమిద్దరం కలిసి వెళ్ళిన దూరప్రయాణాలు రెండు. రెండూ సమ్మెలకే.

మే 18, శనివారం

ఊరి బయట ట్రైలర్లు అమ్మే యార్డు. తెల్లటి పెట్టెలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోటి మా ఇంటికన్నా పొడుగు. పేర్లన్నీ తోడేళ్ళూ, గద్దలూ. లోపల రెండు టీవీలు, ఉత్తుత్తి మంటల చలిపొయ్యి. అడవి దాకా వెళ్ళి టీవీలో అడవిని చూడాలన్నమాట.

మా కారు లాగగలిగేవి చిన్నవే. అలాంటివి ఓ మూల నాలుగున్నాయి. చొక్కా సంగతి చూసుకోకుండా హార్లన్ ఒకదాని కిందకి దూరాడు. నేను లోపలికెళ్ళి తలుపు పక్కన నేలని మడమతో నొక్కాను. కుంగింది. కొత్త బండి! అల్మరా తీస్తే ఒక స్క్రూ చెక్కని తప్పించుకుని గాల్లోకి చూస్తోంది. పైకప్పు అంచున జిగురు, నోరు పుక్కిలించకుండా వదిలేసిన టూత్‌పేస్టులా.

దీన్ని చేసినవాళ్ళకి జీతం గంటలెక్కనా, బండికింతనా అని అడిగాను. సేల్స్‌మన్ నవ్వు కొంచెం పక్కకి జరిగింది. మేడమ్, మీరు కొనడానికొచ్చారా, తనిఖీకొచ్చారా అన్నాడు. రెంటికీ అన్నాను.

బండికింత అని ఇస్తే మనిషి పరిగెత్తుతాడు. పరిగెత్తేవాడి చేతిలో స్క్రూ వంకరపోతుంది. ఆ వంకర స్క్రూది కాదు, పనివాడిదీ కాదు, గడియారం పట్టుకుని వాడి వెనకాల నిలబడ్డవాడిది. ఇదంతా యార్డు మధ్యలో కాస్త గట్టిగానే చెప్పినట్టున్నాను. పక్క బండి చూస్తున్న జంట మెల్లగా జారుకున్నారు.

హార్లన్ గ్రీజు మోచేతులతో బయటికొచ్చి, కింద ఉక్కు, పైన బిస్కెట్, అన్నాడు. నా ఉపన్యాసం మొత్తం కన్నా అదే బాగుంది. అతనికి చెప్పలేదు.

మే 19

నిన్న అన్నవాటిల్లో ఏదీ వెనక్కి తీసుకోను.

మే 26, ఆదివారం

వంతెన అవతలి ఊళ్ళో ఒకాయన తన గ్యారేజిలో చేత్తో చేసిన చెక్కబండి. నీటిబొట్టు ఆకారం. అందం చెప్పలేను. సెడార్ చెక్క వాసన. ప్రతి మూలా వేలితో రాసి చూశాను, ఎక్కడా గీరుకోలేదు. హార్లన్ అయితే టోపీ తీసేశాడు, చర్చిలోలాగా.

లోపల మంచం తప్ప ఏమీ లేదు. వంటిల్లు వెనకవైపు, బయట. డిక్కీ ఎత్తి వండుకోవాలి. అంటే వండేవాళ్ళు వానలో, తినేవాళ్ళు పరుపు మీద. ఇది బండి కాదు, జమీందారీ అన్నాను.

మనింట్లో వండేది నేనే కదా ఫిల్, అన్నాడు హార్లన్.

అయితే ఇంకా అన్యాయం, అన్నాను.

ఆ గ్యారేజి ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కాఫీ తాగుతారా అని అడిగాడు.

జూన్ 1, శనివారం

ఇప్పటికి పదకొండు చూశాను. పదకొండూ కాదన్నాను. పదకొండింటికీ కారణాలున్నాయి, సరైన కారణాలు.

సాయంత్రం హార్లన్ వెనక మెట్ల మీద కూర్చుని డిపో బూట్లకి నూనె రాస్తున్నాడు. కొత్త లేసులు కూడా తెచ్చాడు. ఎందుకు అన్నాను. శీతాకాలానికి, అన్నాడు. ఒళ్ళు మండింది. ఇంకా తొమ్మిది రోజులుండగా బూట్లకి లేసులు కడతావా అని అరిచాను. అతను అరవడు. అదే అతనితో కష్టం. బ్రష్ పక్కన పెట్టి, నీకు కాదనడం కూరలో ఉప్పేసినంత తేలిక ఫిల్, ఔననమంటేనే చెయ్యి వణుకుతుంది, అన్నాడు.

తలుపు ధడేలున వేశాను. లోపలికొచ్చి, ఈ జన్మలో నేను ఔనన్నవి ఓ కాగితం మీద రాశాను. యూనియన్. హార్లన్. ఓ కుంటి కుక్క. నాలుగోది తట్టలేదు.

కాదన్నవాళ్ళ వల్లే వారానికి రెండు సెలవులొచ్చాయి, పసిపిల్లలు గనుల్లోంచి బయటికొచ్చారు. అది నేను ఎవరి ముందైనా నిరూపిస్తాను. కానీ సెలవు తెచ్చుకున్నాక, ఆ సెలవు ఏం చేసుకోవాలో కూడా ఎవరో ఒకరు తేల్చాలి కదా.

జూన్ 7, శుక్రవారం

హార్లన్ డిపోలో ఎవరో చెప్పారట: ఉత్తరాన ఓ సరస్సు ఒడ్డున గుడ్డు బండ్ల వాళ్ళంతా, అంటే గుడ్డు ఆకారం ట్రైలర్లున్నవాళ్ళు, ఏటా కలుస్తారని. వచ్చాం. అరువు గుడారం, అరువు చాపలు.

అరవై దాకా ఉన్నాయి. తెలుపు, లేత పసుపు, పిస్తా రంగు. అన్నీ గుండ్రంగా, పడవలా పోతపోసిన ఫైబర్‌గ్లాసు. కింద డొప్ప ఒకటి, పైన డొప్ప ఒకటి, మధ్యలో నడుం చుట్టూ ఒక్క అతుకు. అంతే. పైకప్పుకి అతుకే లేదు కాబట్టి నీరు దూరే దారి లేదు. నలభై, యాభై ఏళ్ళ బండ్లు నిన్న దించినట్టున్నాయి. కోడిగుడ్ల సంతకొచ్చినట్టుంది నాకు.

పక్క బండి ఆయన వచ్చి పద్ధతి చెప్పాడు. రేపు పదింటి నుంచి ఒంటిగంట దాకా, గుమ్మం ముందు పట్టా పరిచిన బండి ఏదైనా ఎక్కి చూసుకోవచ్చట. యజమాని ఉండక్కర్లేదు. బూట్లు బయట విడవాలి. బూట్లు కనిపిస్తే లోపల మనిషున్నట్టు, వాళ్ళు దిగేదాకా ఆగాలి. తలుపు తట్టడం మర్యాద కాదు.

దోమలు నన్ను పీక్కు తింటున్నాయి. హార్లన్ జోలికి రావు. అతను వాటితో వాదించడు.

జూన్ 8, శనివారం, మధ్యాహ్నం రెండు

పరువు పోయింది. రాయాల్సిందే.

పదకొండింటికి అంచున విడిగా ఉన్న లేత పసుపు బండి ఎక్కాను. పదమూడడుగులది. నేల నొక్కాను. రాయి. అల్మరాలు తీసి మూసి చూశాను. ఒక్కటీ కిర్రుమనలేదు. సింకు కింది అరలో, రంగు వెయ్యని గోడ మీద పెన్సిల్‌తో రెండు పేర్లు: ఎల్డోరా, బెర్నిస్. ఏప్రిల్ 1977. అతుకు వెంట వేలు పోనిచ్చాను. ఎక్కడా తడబాటు లేదు. ఇంక మిగిలింది పరుపు. పొడవు సరిపోతుందో లేదో చూద్దామని పడుకున్నాను. కిటికీలోంచి బర్చి చెట్టు ఆకుల నీడ. వంక ఏం పెడదామా అని ఆలోచిస్తూ నిద్రపోయాను.

లేచేసరికి బయట గుసగుసలు. తలుపు తీస్తే తొమ్మిదిమంది వరసలో! నా బూట్లని చూసి, ముప్పావుగంటగా, ఒక్కరంటే ఒక్కరు తలుపు తట్టకుండా నిలబడ్డారు. ఎవరో పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన మిఠాయి ముక్కల పళ్ళెం తెచ్చి వరసంతా పంచుతున్నారు కూడా. మూడో మనిషి తెల్లజుట్టు ముసలావిడ. ఆ బండి యజమాని! తన బండి ఎక్కడానికి తనే వరసలో నిలబడింది.

అయిదోవాడు హార్లన్.

నా బూట్లు గుర్తుపట్టలేదా అన్నాను. పట్టాను, అన్నాడు. మరి పిలవలేదేం? నా ముందు నలుగురున్నారు కదా, అన్నాడు. తర్వాత మెల్లగా, నువ్వు పగలు నిద్రపోవడం ఇరవై రెండేళ్ళలో ఇదే చూడటం, అన్నాడు.

ముసలావిడ పేరు ఎల్డోరా మాకి. డెబ్బై ఎనిమిదేళ్ళు. అరలో ఉన్న ఎల్డోరా ఈవిడే! ఈ బండ్లు చేసిన చిన్న కార్ఖానాలో ఫైబర్‌గ్లాసు పొర మీద పొర పరిచి, రోలర్‌తో గాలి బుడగలు తీసే పని చేసేదట. కుడి గోడ నాది, ఎడమ గోడ బెర్నిస్‌ది, అంది. జీతం ఎలా అని అడిగాను. అడక్కుండా ఎలా ఉంటాను! గంటలెక్కన, అంది. తొందరేముంది, ఆరేదాకా ఆరాలిగా, అంది. యార్డులో నేను చెప్పిందదే. సరిగ్గా అదే.

అప్పుడు అడిగేశాను, అమ్ముతారా అని. అబ్బే, ఈ పాతదాన్ని ఎవరు కొంటారమ్మాయ్, అలాంటి ఆలోచనే లేదు, అంది.

ఆవిడ కాదంది. కాదంటే కాదనే, అది నేను జీవితాంతం రాసిన సంగతి. థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను.

అదే రోజు, నాలుగున్నర

హార్లన్ నెత్తి పట్టుకున్నాడు. ఇక్కడ ఇరవై ఎనిమిదేళ్ళున్నావు, ఏం నేర్చుకున్నావు ఫిల్, ఇక్కడివాళ్ళ మొదటి 'కాదు' మర్యాదకే కదా, అన్నాడు. కాఫీ పోస్తానంటే నా చెల్లెలు రెండుసార్లు వద్దని మూడోసారి కప్పు చాపడం నువ్వు చూళ్ళేదా?

నేను న్యూజెర్సీలో పుట్టాను. మా వీధిలో మొదటి మాటకే కప్పు చాపకపోతే కాఫీ పక్కవాడు తాగేస్తాడు.

పంతం చంపుకుని మళ్ళీ వెళ్ళాను. రెండోసారి అడిగాను. ఏమోలే, మోకాళ్ళు ఆ మెట్టు ఎక్కనంటున్నాయి, అయినా ఎందుకులే, అంది ఎల్డోరా. హార్లన్ మొహం వెలిగింది. ఇంకొక్కసారే మిగిలింది, అన్నాడు, తలుపు తెరుచుకున్నంత సంబరంగా.

జూన్ 9, ఆదివారం

ఈసారి ఆవిడే ముందు అడిగింది. నిన్న చూశావుగా, ఏం బాగాలేదు చెప్పు, అంది.

చెప్పాను. బల్ల అంచు మోకాలికి తగులుతుంది. ఎడమ పొయ్యి మంట ఒంటికన్నుతో వెలుగుతోంది. వెనక కిటికీ గడియ అరిగింది. నిలబడితే హార్లన్ జుట్టు కప్పుకి రాసుకుంటుంది. హార్లన్ వెనక నుంచి నా చొక్కా లాగుతున్నాడు.

ఎల్డోరా నవ్వింది. అందరూ ముద్దుగా ఉందని పోతారు, నువ్వొక్కదానివే సరిగా చూశావు, ఆ ఒంటికన్ను పొయ్యి బెర్నిస్ నిర్వాకమే, అంది. చూసినదాన్ని చూసినట్టు చెప్పేవాళ్ళ చేతిలోనే బండి బతుకుతుంది అమ్మాయ్, అంది.

అప్పుడు మూడోసారి. ఇన్ని వంకలున్న బండి నాకు కావాలి, అన్నాను. చెయ్యి నిజంగానే వణికింది. జేబులో పెట్టుకున్నాను.

సరేలే మరి, అంది.

ఆ తర్వాత ధర మీద గొడవ. ఆవిడ మరీ తక్కువ చెప్పింది. మండిపోయింది నాకు. మీ చేతిపనికి మీరే ఇంత తక్కువ కడితే రేపు ఎవడు ఎక్కువ ఇస్తాడు, మీలాంటి వాళ్ళ వల్లే కదా ఆడవాళ్ళ కూలీ పెరగనిది, అని లేచాను. ఆవిడ ఇంకా తగ్గించింది. నేను ఇంకా పెంచాను. చుట్టూ జనం చేరారు. కొనేవాళ్ళు పెంచడం, అమ్మేవాళ్ళు తగ్గించడం వాళ్ళెప్పుడూ చూళ్ళేదట. చివరికి హార్లన్ మధ్యలో ఓ అంకె చెప్పి, ఇద్దరూ ఇంక నోరు మూసుకోండి, అన్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి అరిచాడు. బ్రహ్మాండంగా అరిచాడు.

నేనే గెలిచాను. ఎల్డోరా కూడా అదే అంటోందట.

జూన్ 10

లేత పసుపుగా వాకిట్లో నిలబడింది. హార్లన్ సంతకం పెట్టకుండా కాగితం తిరిగిచ్చి వచ్చాడు. భోజనానికి కూర్చోకుండా దాని చుట్టూ తిరుగుతున్నాడు. నేనూ తిరుగుతున్నాను, అటువైపు నుంచి.

జూన్ 25, మిషిగన్ వైపు, ఊరి పేరు అడగలేదు

నాలుగున్నరకి, డిపో వేళకి, హార్లన్ లేచాడు. దీపం వెయ్యకుండా ప్యాంటు తొడుక్కుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కారు తాళాలు తీసుకుని తలుపు తెరిచాడు. ఎదురుగా సరస్సు. తాళాల్ని చేతిలో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తర్వాత పై గుండీ నుంచి ఒక్కొక్కటీ విప్పుకుంటూ లోపలికొచ్చి, జరుగు ఫిల్, అన్నాడు.

జరిగాను.