ఆయికి ఒంట్లో బాగోలేదు

పిస్కాటవే, న్యూజెర్సీ
ఫిబ్రవరి మొదటి వారం

అమ్మా ప్రిస్సిల్లా,

ప్రభువు నామంలో వందనాలు. నేనెవరో నీకు తెలియదు. నా పేరు దైవాశీర్వాదం. ఇక్కడ ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగం చూస్తాను. మా ఆఫీస్‌లో హాసిని అనే అమ్మాయి మెడలో నీలం స్కార్ఫ్ చూసి ఎక్కడిదని అడిగితే, నీ అడ్రస్ ఇచ్చింది. బాతెల్‌లో మన తెలుగమ్మాయే జపాను పద్ధతిలో ఆకులతో, బెరళ్ళతో రంగులు వేసి చేత్తో నేస్తుందంటే ముచ్చటేసింది.

నాకూ అలాంటిదే ఒకటి కావాలి. ఆవిడ మెడకి ఏది చుట్టినా దురద. కెమికల్ రంగులు అస్సలు పడవు. ఒకప్పుడు ఆవిడ పాట వినడానికే నేను చర్చికి ముందుగా వెళ్ళేవాణ్ణి. ఈమధ్య పాడటం మానేసింది. ఈస్టర్ నాటికి ఈ స్కార్ఫ్ వేసుకుని మళ్ళీ పాడాలని నా ఆశ.

మా ఇంట్లో మాత్రం తెలియకూడదు. ఫోన్లూ ఐప్యాడూ అన్నీ ఒకే అకౌంట్. నాకు మెసేజ్ వస్తే వంటింట్లో మోగుతుంది. అందుకే ఈ ఉత్తరం. జవాబు మా చర్చి అడ్రస్‌కి రాయి.

నీ మేలు కోరే సహోదరుడు,
దైవాశీర్వాదం

తా.క.: గిఫ్ట్ ర్యాపర్ వద్దు. అనుమానం వస్తుంది.


బాతెల్, వాషింగ్టన్
ఫిబ్రవరి మధ్యలో

దైవాశీర్వాదం అంకుల్‌కి,

వందనాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషపడ్డాను, రెండోసారి భయపడ్డాను. "ఆవిడ"కి స్కార్ఫ్. "ఇంట్లో" తెలియకూడదు. నాకెందుకులెండి, నేసేదాన్ని నేను.

నేత అయిపోవచ్చింది. చిక్కల్లా ఆయితోనే. నీలం కావాలంటే ఆయి లేవాలి. మా గురువుగారు జపాను ఆవిడ. వయసైపోయి పని మానేస్తూ ఆయిని నాకు అప్పగించారు, బిడ్డలా చూసుకోమని. ఈ చలికి ఆయికి ఒంట్లో బాగోలేదు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గరాజ్‌లో దుప్పటి కప్పి, పక్కన హీటర్ పెట్టాను. గోధుమ తవుడు వేశాను. నిన్న కొంచెం జపాను సారా కూడా పోశాను. లేచిందా, మీ పని అయిపోయినట్టే.

ఉంటాను మరి,
ప్రిస్సిల్లా

తా.క.: వీలైతే పది ఆజ్ఞల్లో ఏడోది ఒకసారి చదువుకోండి అంకుల్.


పిస్కాటవే
ఫిబ్రవరి చివర

అమ్మా ప్రిస్సిల్లా,

వందనాలు. ఏడో ఆజ్ఞ చదివాను. "వ్యభిచరింపకూడదు" అని ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసినా అదే ఉంది. దానికీ స్కార్ఫ్‌కీ ఏమిటమ్మా సంబంధం? దొంగతనం గురించి ఎనిమిదోది రాయబోయి పొరబడ్డావా? మా పాస్టర్ లెవి గారిని అడిగితే, "ఎందుకడుగుతున్నారు బ్రదర్?" అని నన్నే అదోలా చూశారు.

అది అలా ఉంచు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆయి సంగతి. నమ్మి అప్పగించిన పిల్లని గరాజ్‌లో పడుకోబెట్టడమేమిటి? ఒంట్లో బాగోలేని మనిషికి తవుడు పెడతారా? పైగా సారా! ఇన్సూరెన్స్ లేదా? వీసా ప్రాబ్లమా? హెచ్ వన్ బి గొడవైతే చెప్పు, మా చర్చిలో లాయర్ ఉన్నాడు. బుధవారం ప్రార్థనలో ఆయి పేరు చెప్పాను. అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు.

దిగులుతో,
దైవాశీర్వాదం

తా.క.: వేరే పార్సెల్‌లో ఉన్ని స్వెట్టర్ పంపిస్తున్నాను. ఆయి కొలత తెలియక మీడియం తీసుకున్నాను.


బాతెల్
మార్చి మొదట్లో

అంకుల్‌కి,

వందనాలు. మాట మార్చడంలో మీకు మీరే సాటి. ఆయికి వీసా, ఆయికి ఇన్సూరెన్స్! మగ్గం మీద పడి నవ్వాను. కానీ ఏడో ఆజ్ఞకి జవాబు మాత్రం చెప్పలేదు.

మీ ప్రార్థనో నా సారానో గానీ, ఆయి లేచింది! పొద్దునా సాయంత్రం కర్ర పెడుతున్నాను. కర్ర పడకపోతే అడుగునే పడి ఉంటుంది, కదలదు. నిన్న నాలుక మీద వేసుకుని చూశాను, ఘాటు సరిపోయింది. నీలం నురగ కూడా బాగా వస్తోంది. ఇక స్కార్ఫ్ ముంచడమే తరువాయి.

మీ మంచి కోరే
ప్రిస్సిల్లా

తా.క.: స్వెట్టర్ అందింది. జోక్ కోసం ఎవరూ ఉన్ని స్వెట్టర్ కొనరు. "ఆవిడ" కోసం కొని, ఇంట్లో దొరక్కుండా నా దగ్గర దాచారని అర్థమైంది. మా ఇల్లు అలాంటివాటికి గోడౌన్ కాదంకుల్.


పిస్కాటవే
మార్చి మధ్యలో

ప్రిస్సిల్లా,

ఈసారి "అమ్మా" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. లేవలేని పిల్లని కర్రతో కొడతావా? నీలం నురగ కక్కుతుంటే అందులో స్కార్ఫ్ ముంచుతావా? నాలుక మీద ఏం వేసుకున్నావో నాకు అర్థం కాలేదు, అర్థం కావాలనీ లేదు. పాస్టర్ గారు మీ ఊరి తెలుగు చర్చివాళ్ళకి ఫోన్ చేశారు. వాళ్ళు మీ ఇంటికి వస్తున్నారు.

ఇక "ఆవిడ" ఎవరంటావా? మా ఆవిడ! వసంతకుమారి! ఇంకెవరుంటారు? కిందటేడాది థైరాయిడ్ ఆపరేషన్ అయింది. మెడ మీద మచ్చ మిగిలింది. అప్పటినుంచి చర్చిలో పాడే క్వయర్‌కి రావడం లేదు. అద్దం ముందు మెడ తడుముకుంటూ నిలబడుతుంది. అడిగితే, "ఏం లేదులెండి" అంటుంది. ఆ మచ్చ కనబడకుండా మెత్తటిదేదైనా వేసుకుంటే మళ్ళీ పాడుతుందని... అంతే.

దైవాశీర్వాదం

తా.క.: ఏడో ఆజ్ఞ ఎందుకు చదవమన్నావో ఇప్పుడే వెలిగింది. ప్రభువా!


బాతెల్
మార్చి చివర

అంకుల్,

ముందు నన్ను క్షమించండి. మీరు పంపిన చర్చివాళ్ళు వ్యాన్ వేసుకుని వచ్చారు. ధనమ్మగారని ఒక పెద్దావిడ చికెన్ సూప్ కూడా పట్టుకొచ్చారు. "ఆయి ఎక్కడమ్మా?" అంటే, గరాజ్‌లోకి తీసుకెళ్ళి, దుప్పటి తొలగించి, డ్రమ్ము మూత ఎత్తాను. "అయ్యో, ఇందులోనా!" అంటూ ధనమ్మగారు సూప్ జారవిడిచారు.

ఆయి అంటే జపాను భాషలో నీలిమందు అంకుల్. మనిషి కాదు. పులియబెట్టిన ఆకుల రంగునీళ్ళు. అది పులిసి పొంగితేనే బట్టకి రంగు పడుతుంది. తవుడూ సారా దానికి మేత. కర్ర కలియబెట్టడానికి. పులిసిందో లేదో ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూస్తాం. మా గురువుగారు దాన్ని మనిషిలా పలకరించేవారు. నాకూ అదే అలవాటైంది.

స్కార్ఫ్ పంపిస్తున్నాను. ఆంటీకి దురద రాకుండా మెత్తటి పట్టుతో నేశాను. మీలాంటివారిని అనుమానించినందుకు సిగ్గుగా ఉంది.

తల వంచుకుని,
ప్రిస్సిల్లా

తా.క.: ముందువైపు చోటు లేక ఈ ముఖ్యమైన మాట కాగితం వెనక రాస్తున్నాను. వేసుకునే ముందు చల్లటి నీళ్ళలో బాగా జాడించండి. మొదట్లో రంగు అంటుతుంది.


పిస్కాటవే
ఈస్టర్ మర్నాడు

ప్రిస్సిల్లా తల్లీ,

వసంతకుమారి ఆంటీని రాస్తున్నాను. ఈసారి నువ్వే రాయమని ఈయన కాగితం నా చేతికిచ్చారు.

నువ్వు కాగితం వెనక రాసింది ఈయన చూడలేదు. నిన్న పొద్దున్న స్కార్ఫ్ నా మెడలో వేసి కారెక్కించారు. ఎంత మెత్తగా ఉందో! కారులో వేడికి చెమట పట్టి కాస్త వదులు చేసుకున్నాను. నా వైపు చూసి ఒక్క కేక పెట్టారు. మెడ నీలం, గడ్డం నీలం! ఆక్సిజన్ పడిపోయిందని చర్చి దాటించి ఎమర్జెన్సీకి డ్రైవ్ చేశారు. నర్సు తడిగుడ్డ పెట్టి తుడిస్తే నీలమంతా గుడ్డకి వచ్చేసింది. "షీ ఈజ్ ఫైన్, హీ ఈజ్ నాట్" అంటూ ఆ అమ్మాయి ఈయన్ని కూర్చోబెట్టి బీపీ చూసింది.

అక్కడే కూర్చుని నాకు మొత్తం కథ చెప్పారు. మచ్చ దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. నన్ను ఆపింది మచ్చ కాదమ్మా. ఆపరేషన్ తర్వాత నాకు పై స్వరం అందడం లేదు. చరణం ఎత్తుకుంటే గొంతు చీలిపోతోంది. ఆ డాక్టర్‌ని వెతికింది ఈయనే. చెబితే తప్పంతా తన నెత్తిన వేసుకుంటారని దాచాను. నిన్న చెప్పేశాను. నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత, "కింది స్వరంలో పాడకూడదా, వసంతా?" అన్నారు. ఇంత చిన్న మాట నాకెందుకు తట్టలేదో!

సాయంత్రం ఆరాధనలో మగవాళ్ళ వరుసలో, ఈయన పక్కనే నిలబడి, వాళ్ళ శ్రుతిలో పాడాను. పాడగలిగాను తల్లీ.

ప్రేమతో, దీవెనలతో,
వసంతకుమారి ఆంటీ

తా.క.: పక్కన నిలబడ్డాక తెలిసింది. పెళ్ళినాటి నుంచీ క్వయర్‌లో ఉన్న ఈ మనిషి ఇన్నేళ్ళూ పాడటమే లేదు. పెదవులు కదుపుతున్నారంతే! అదేమిటండీ అని నిలదీస్తే, "నేనూ పాడితే నీ పాట ఎవరు వింటారు?" అన్నారు.