నాన్న ఎడమ కాలు

ఆదివారం

లీటరుకి పదిహేను కిలోమీటర్లు ఇచ్చే నాన్న పాత కారు తొమ్మిదికి పడిపోయింది. ప్లగ్గులు, ఫిల్టరు మార్చినా లాభం లేదు. గోల్‌మురిలోని మెకానిక్ "ఇంజన్ ఏక్‌దమ్ ఠీక్ హై దీదీ" అని, లోపం ఇంజన్లో లేదు, నడిపే మనిషిని చూడమన్నాడు.

ఇవాళ భాలుబాసా వెళ్తూ, నాన్న నడుపుతుంటే పక్కన కూర్చుని చూశాను. గేరు మార్చాక కూడా నాన్న ఎడమ కాలు క్లచ్‌ని సగం నొక్కే ఉంది. కారణం దొరికిందని సంబరపడ్డాను.

"కాలు తియ్యి నాన్నా."

"కిందే ఉంది కదమ్మా, ఏటలా సూత్తన్నావు?"

కాలు ఇంకా క్లచ్ మీదే ఉంది.

కారు ఆపించి, చెప్పు విప్పి అరికాలు గట్టిగా గిల్లాను. నాన్నకి తెలియనే లేదు. ఎన్నాళ్లనుంచి ఇలా ఉందని అడిగాను.

"సెప్తే తాళాలు లాగేసుకుంటావని..."

ఇంటికి నేనే నడిపాను. దిగాక తాళాలు ఆయన చేతికే ఇచ్చాను. ఇందాక వచ్చి వాటిని నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.