ఇంకోపారి అడగుండ్రి

నారాయణపేట,
1949 జనవరి 12

ప్రియమైన గుర్వమ్మకు,

జైలు నుంచి విడిచిపెట్టారు. మా తమ్ముడు అమరేందర్ ఇంట్లో ఉన్నాను. నల్లగొండ జిల్లాలో కాలు పెట్టకూడదని షరతు. లేకపోతే ఈ సంగతి చెప్పడానికి మీ గొర్రెల మంద దాకా ఉరుక్కుంటూ వచ్చేదాన్ని.

హైదరాబాదులో ఒక ఆడవాళ్ల దవాఖానలో నర్సు పని నేర్పడానికి పదహారేళ్లు నిండిన అమ్మాయిలను తీసుకుంటున్నారు. తెలుగు చదవడం, రాయడం వస్తే చాలు. సంఘం రోజుల్లో నేను మీ మంద దగ్గర దాక్కున్నప్పుడు పలక లేక మట్టిలో అక్షరాలు దిద్దించాను. ఆరు నెలల్లో పత్రిక చదివేశావు. అడ్డం తిరిగిన గొర్రెపిల్లను నువ్వు చెయ్యి పెట్టి బయటికి తీస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను. మన ఇద్దరిలో నర్సు కావలసింది ఎవరో నువ్వే చెప్పు. ఫిబ్రవరి ఇరవైన రమ్మన్నారు. మీ నాయన వద్దని గునిస్తే నా పేరు చెప్పి పోట్లాడు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
లీలక్క


చిట్యాల దగ్గర మన మంద,
ఫిబ్రవరి 24

ప్రియమైన లీలక్కకు,

నీ గుర్వమ్మ దండాలు. నువ్వు నేర్పిన పుస్తకాల భాషలోనే రాస్తున్నాను, తప్పులుంటే తిట్టకు.

నాయన మొదట "గొర్లను నీ లీలక్క కాస్తదా?" అన్నాడు. మూడు రోజులు గునిశాడు. నాలుగో రోజు మందను మా యాదక్కకు అప్పజెప్పి, కొత్త గొంగడి భుజాన వేసుకుని "నడువ్" అన్నాడు. దారిలో మిలిటరీ వాళ్లు బస్సు ఆపి ఆ గొంగడి కూడా దులిపి చూశారు.

దవాఖానలో డాక్టరమ్మ, ఇంకో ముగ్గురు కూర్చున్నారు. కాన్పు ఎప్పుడైనా చూశావా అని అడిగారు. గొర్రెల సంగతి బాగానే చెప్పాను. ఆ ఊపులో "మా యాదక్క ఈనినప్పుడు గూడ నేనే ఉన్న" అనేశాను. అక్కా, మనిషిని పట్టుకుని ఈనింది అన్నాను! గది గదంతా నవ్వింది. తలుపు అవతల బెంచీ మీది అమ్మాయిలూ నవ్వారు. డాక్టరమ్మ ఇంకేదో అడగబోతుంటే లేచి వచ్చేశాను. నాయన ఎంత అడిగినా చెప్పలేదు. దారి పొడుగునా ఏడ్చాను.

నాకు మందే మంచిది. గొర్రెలు నవ్వవు. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకు.

నీ
గుర్వమ్మ


నారాయణపేట,
మార్చి 3

ప్రియమైన పిరికిదానా,

నువ్వు తలుపు తీసుకుని పారిపోయావు గానీ, వాళ్లు నిన్ను వదల్లేదు. తీసుకున్నవాళ్ల పేర్లు దవాఖాన గోడకు అంటించారు. చీరల మూట తీసుకుని పట్నం వెళ్లిన అమరేందర్ స్వయంగా చూసి వచ్చాడు. నీ పేరు ఉంది. పన్నెండో తేదీ లోపల చేరకపోతే ఆ జాగా వేరేవాళ్లకు ఇచ్చేస్తారట.

నవ్వారని ఏడ్చావా? నువ్వు మొదటిసారి గొర్రె అని రాయబోయి గొరె అని రాస్తే నేనూ నవ్వాను. అప్పుడు నా మీదికి కట్టె ఎత్తిన పిల్ల ఎటు పోయింది? నీ మీద నమ్మకం లేకపోతే నన్ను నమ్ము. ఉత్తరం అందిన రోజే బయలుదేరు.

జవాబు కాదు, నువ్వు చేరిన కబురు కావాలి.
లీలక్క


హైదరాబాదు,
మార్చి 20

ప్రియమైన అబద్ధాల అక్కకు,

పదకొండున దవాఖానకు చేరాం. గోడ మీద కాగితం ఉంది. పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి చదివాను. నా పేరు లేదు. అమరేందర్ అన్న ఇటు రానే లేదని అప్పుడు అర్థమైంది. నీ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

నాయన పక్కనే నిలబడి "ఏం రాసిన్రు బిడ్డా?" అంటున్నాడు. ఆయనకు చదువు రాదు. ఉందని చెప్పలేను. లేదని చెప్పి మళ్లీ ఏడ్చుకుంటూ ఇంటికి పోనూ లేను. "జర కూసో నాయినా" అని, నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లాను.

"నాడు మీరింకేదో అడగవోతుంటె నేను ఇనకుంట పోయిన. ఇంకోపారి అడగుండ్రి" అన్నాను.

"మళ్లీ నవ్వితే?" అన్నదామె.

"నవ్వుండ్రి. నవ్వినంక అడగుండ్రి."

ఆమె చేతిలో కలం కింద పెట్టింది. "పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఏం చేస్తావు?"

"నోట్ల ఏలువెట్టి చీమిడి తీస్త. కాళ్లు వట్టి తలకిందులు జేసి ఈపు మీద సరుస్త. మా యాదక్క కొడుక్కు గట్లనే జేసిన. ఇయ్యాల వాడు ఇల్లు పీకి పందిరేస్తుండు."

ఈసారి డాక్టరమ్మ ఒక్కతే నవ్వింది. చేరాల్సిన వాళ్లలో ఒకమ్మాయి రానని కబురు పంపిందట. గోడ దగ్గరికి వచ్చి, ఆ పేరు కొట్టేసి, కాగితం అడుగున నా పేరు రాసింది. నాయన దాని మీద వేలు పెట్టి "గిదేనా నీ పేరు?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి.

అక్కా, నీ అబద్ధం నన్ను గోడ దాకా తెచ్చింది. దాని మీద పేరు మాత్రం నేనే రాయించుకున్నాను. ఇంకో పిల్లకు ఇలాంటి ఉత్తరం రాయాలనిపిస్తే ముందు నాకు రాయి. ఆ పిల్లను నేనే వెంటబెట్టుకుని లోపలికి తీసుకుపోతాను.

కోపం ఇంకా తగ్గని
నీ గుర్వమ్మ