ఇప్పపువ్వు ముక్క

నాయనా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మా అంగన్‌వాడీ పిల్లలకు నువ్వు చేసిచ్చిన చెక్కపలక కోసం ఇయ్యాల కొట్లాడిన. చేప, ఎడ్లబండి, ఇప్పపువ్వు ముక్కలు తీసి మళ్లా వాటి గుంటలల్లనే పెట్టే పలక, అదే.

సూపర్‌వైజర్ మేడం వచ్చింది. "ఆఫీసు ఇచ్చిన ప్లాస్టిక్ ఆపిల్ పజిల్ ఉండంగ ఈ కట్టెముక్కలేంది, తీసెయ్" అంది. ఆపిల్‌ను మా పిల్లలు ఎన్నడు చూసిండ్రు? తియ్యనన్న.

మేడం రెండేండ్ల లచ్చిమిని పిలిచి, ఇప్పపువ్వు ముక్క చేతికిచ్చింది. పిల్ల దాన్ని గుంటల పెట్టలే. గౌను ఎత్తిపట్టి ఒళ్లో ఏసుకుంది. "దీనికేం రాదు" అని మేడం రాసుకోబోయింది.

నాకు మండింది. "తెల్లారంగ అడివిల వాళ్లమ్మ ఇప్పపువ్వు ఏరి గట్లనే ఒళ్లో పోసుకుంటది మేడం. పిల్ల పువ్వును గుర్తుపట్టింది, ఏం చెయ్యాల్నో గూడ తెలుసుకుంది. గుంటల పెట్టుడు నేను నేర్పుత. రాదని మాత్రం రాయకండి" అన్న.

"నీకు ఉద్యోగం చెయ్యాలని లేదా?"

"ఉంది మేడం. అందుకే చెప్తున్న."

పెన్ను మూసి వెళ్లిపోయింది. పలక ఉన్నకాడనే ఉంది.

లచ్చిమి ఆ ముక్కను ఒళ్లోనే పెట్టుకొని ఇంటికి పోయింది. నేను అడగలే. పొద్దుగూకంగ నీ ఉలి తీసి ఇంకోటి నేనే చెక్కిన. వేలు తెగుతదని ఆ ఉలిని నన్నెన్నడు ముట్టనియ్యకపోతివి.

తెగింది నాయనా. పువ్వు మాత్రం గుంటల సరిగ్గ కూసుంది.

నీ బిడ్డ