దాదాపీర్‌కు ఒక చోటు

ఆదోని,
12-8-1982

గంగక్కకు నమస్కారం. నా ఒంట్లో బాగానే ఉంది, దిగులుపడకు.

బుద్ధి ఎదగని పెద్దవారి కోసం మేము తలపెట్టిన నివాసం ఇక లేనట్టే. మా సంఘం ఇల్లు చూపితేనే దాన్ని నడిపే ఖర్చు ప్రభుత్వం ఇస్తుంది. అద్దెకిస్తామన్న ఇంటాయన పోయిన వారం వెనక్కి తగ్గాడు. “ఇట్లాంటోళ్లను ఈడ పెడితే మా వీధి ఆడపిల్లలకు సంబంధాలు వస్తాయా సార్?” అన్నాడు. హజరా బీ అప్పటికే తన నడివయసు కొడుకు దాదాపీర్‌ను బొంతతో సహా తీసుకొచ్చింది. “నేను పోతే వీడు యాడుంటాడప్పా?” అని అడిగింది.

దాదాపీర్ మా సంఘం నడిపే బడిలో మగ్గం కండెలకు నూలు చుట్టడం నేర్చుకున్నాడు. నిదానమే గాని నూలు తెంపడు. ఎమ్మిగనూరులో మీ మగ్గాల ఇంట అతనికి చోటు దొరుకుతుందా? అమావాస్యకు మగ్గాలు ఆపినప్పుడు బావగారిని అడుగు. కాదంటే అదీ దాచకుండా రాయి. ఆ తల్లి రోజూ వచ్చి మా గుమ్మంలో కూర్చుంటోంది. లేని ఆశ చూపడం నా వల్ల కాదు.

పిల్లలకు దీవెనలు.

తమ్ముడు,
విరూపాక్షి