మేకులు అడిగిన అమెరికా అన్న

గోల్‌బజారు, ఖరగ్‌పూర్
12-8-1961

అన్నయ్యకు తమ్ముడు దేముడు నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా.

నిన్న కొట్లో కూర్చుని నీకు కార్డు రాస్తుంటే, హిజ్లీ కాలేజీలో పాఠాలు చెప్పే అమెరికా దొర భార్య మిరియాలు కొనడానికి వచ్చింది. వాళ్లింట్లో వంట చేసే మన సూసన్న వెంట ఉంది. ఏం రాస్తున్నావని దొరసాని సూసన్న చేత అడిగించింది. పలాసలో కొట్టున్న మా అన్నను చింతపండు పంపమంటున్నానన్నాను. ఆవిడ నవ్వింది. వాళ్ల ముత్తాత, ఆయన తమ్ముడు కూడా చెరో ఊళ్లో కొట్టు పెట్టుకుని ఇలాగే రాసుకునేవారట. ఒకసారి ముత్తాత ఉత్తరం నిండా మేకులు, గుడ్డలు పంపమని రాసి, చివర మాత్రం భార్యకు జబ్బుగా ఉందని ఒక్క ముక్క రాశాడట.

నాకు ఆత్రం ఆగలేదు. "మరి తమ్ముడేటి రాసినాడు?" అన్నాను.

సూసన్న ఆవిడను అడిగి చెప్పింది. "మేకులు పంపడం నేదు, నానే అట్టుకొస్తన్నానని రాసినాడంట బాబూ."

అన్నయ్యా, నీ కిందటి కార్డు మళ్లీ తీసి చూశాను. జీడిపప్పు ధర ఉంది, వానల సంగతి ఉంది. వదిన ఆపరేషన్ మాట లేదు. కుట్లు విప్పారా? అన్నం తింటోందా? పిల్లలకు ఎవరు వండుతున్నారు?

నిన్నటి కార్డు చింపేసి ఇది రాస్తున్నాను. చింతపండు పంపకు. కొట్టు నీ మరదలు గంగాభవాని చూసుకుంటానంది. సోమవారం మెయిలు బండికి నేను వస్తున్నాను. పిల్లలకు నా ఆశీస్సులు. ఈ కార్డు నాకంటే ముందు చేరితే వదినకు చదివి వినిపించు.

నీ తమ్ముడు
దేముడు