నర్మద ఎడమ చెయ్యి

నాంపల్లి,
14-6-1953

లక్ష్మీనర్సమ్మకు, నా దగ్గు తగ్గింది, ఫికర్ పడకు.

ఒకటో తరగతి వాచకానికి బొమ్మలు వేస్తున్నాను. పలక మీద రాసుకునే పిల్లను మన నర్మదను తలచుకునే గీశాను. అచ్చులో తిరగబడి పడుతుంది గనక అచ్చురాయి మీద ఏ బొమ్మనైనా కుడిఎడమలు మార్చి గీయాలి. అచ్చు తీసి చూసి ప్రెస్సు సేటు, "ఏందయ్యా, పిల్ల ఎడమచేత్తోని రాస్తున్నది? తిప్పి గీసుడు మరిచినవా?" అన్నాడు.

"మర్వలేదు సేటూ, మా బిడ్డ గట్లనే రాస్తది."

"పంతుళ్లు ఒప్పుకోరు, మార్చు."

రాయి అరగదీసి మళ్లీ గీశాను. ఇప్పుడా పిల్ల ఎవరో నాకే తెలియదు. సాయంత్రం అబిడ్స్ దాకా నడిచాను. ఇంత జనంలో ఈ మాట చెప్పుకునే మనిషి దొరకలేదు, అందుకే ఈ కార్డు.

బర్రె ఈనిందా? వాన ముదరకముందే కొట్టం కప్పించు. ఎవరైనా ఇటు వస్తే మామిడి తొక్కు పంపు. బడిలో నర్మదను ఎడమచేతి మీద కొడితే ఊరుకోకు.

జవాబు కార్డులో నువ్వు కొంచెమే రాయి. మిగిలిన చోట దాని ఎడమ చెయ్యి ఆనించి, చుట్టూ గీత గీసి పంపు.

అమ్మకు దండాలు. నర్మదకు ముద్దులు, ఆ చేతికి ఒకటి ఎక్కువ.

ఇంద్రసేన